ఉత్తరాంధ్ర సాంస్కృతిక కేంద్రం, దుకాణం: విశాఖలో నిధులు ఎలా సేకరించాలి?

ఏటికొప్పాక బొమ్మలు, బొబ్బిలి వీణలు, పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి, ధింసా, తప్పెటగుళ్ల నృత్యాలు అన్నీ ఒకచోట చూపించే కేంద్రం, పక్కనే ఒక దుకాణం విశాఖలో పెట్టాలని చాలామందికి ఉంది. వాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: డబ్బు ఎక్కణ్నుంచి తేవాలి? ఏదో ఒక పెద్ద కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు లాభాల్లోంచి సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) కింద సగం ఇస్తుంది, మిగతాది చందాలతో సర్దుకోవచ్చు అన్న లెక్క అప్పటికే మనసులో ఉంటుంది. కొత్త సంస్థకు అలా డబ్బు రాదు.

ఇంకో సంగతి. ప్రారంభోత్సవానికి డబ్బిచ్చేవాళ్లు దొరుకుతారు, రెండో ఏడాది కరెంటు బిల్లు కట్టేవాళ్లు దొరకరు. అందుకే ఇక్కడ నడిపే ఖర్చుకు మొదటి స్థానం, రిబ్బన్ కత్తిరింపుకు చివరి స్థానం ఇచ్చాను.

## 1. కేంద్రం డబ్బు వేరు, దుకాణం డబ్బు వేరు

ప్రదర్శన, శిక్షణ, కార్యక్రమాలు, పాత ఫొటోలు, రికార్డింగులు దాచడం: ఇదంతా కేంద్రం పని. దీనికి విరాళాలు, గ్రాంట్లు, సీఎస్ఆర్ వస్తాయి. సరుకు కొని అమ్మడం వ్యాపారం. దానికి సొంత పెట్టుబడి, బ్యాంకు అప్పు, అమ్మకాల రాబడి కావాలి.

రెండూ ఒకే ఖాతాలో కలిపితే దాతకు అనుమానం వస్తుంది, బ్యాంకు మేనేజరుకు అర్థం కాదు, ఆడిటర్‌కు తలనొప్పి. కళల ప్రోత్సాహం లాంటి ప్రజోపయోగ పనుల పేరిట పన్ను మినహాయింపు తీసుకున్న సంస్థకు వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటితే ఆ మినహాయింపుకే ఎసరు వస్తుంది. దుకాణం బాగా నడిస్తే ఆ గీత దాటడం ఎంతసేపు?

నా సలహా: కేంద్రం ట్రస్టుగానో సొసైటీగానో ఉండాలి. దుకాణం కళాకారుల ఉత్పత్తిదారుల కంపెనీ, సహకార సంఘం, లేదా భాగస్వామ్య సంస్థ పేరున విడిగా ఉండాలి. ఒకే భవనంలో ఉంటే దుకాణం వాడుకునే చోటుకు ఆ చుట్టుపక్కల ధరకు తగ్గకుండా కేంద్రానికి అద్దె కట్టాలి. భవనం అద్దెదైతే ఇలా ఇచ్చుకోవడానికి యజమాని ఒప్పుకున్నట్టు కాగితం మీద రాయించుకోండి.

## 2. అడగడానికి ముందు కాగితాలు

సొసైటీకి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం 7 మంది సభ్యులు కావాలి. ట్రస్టుకు ఇద్దరు ముగ్గురున్నా చాలు, పని త్వరగా అవుతుంది. సెక్షన్ 8 కంపెనీకి (లాభాపేక్ష లేని కంపెనీ) కార్పొరేట్ల దగ్గర కాస్త మర్యాద ఎక్కువే గానీ ఏటా కట్టాల్సిన ఫైలింగ్ ఖర్చూ ఎక్కువే. నలుగురైదుగురు మిత్రులు మొదలుపెట్టే పనికి ట్రస్టు సరిపోతుంది.

ట్రస్టు డీడ్‌లో రాసే ఉద్దేశాల్లో "కళలు, హస్తకళలు, వారసత్వ సంపద పరిరక్షణ" అని స్పష్టంగా రాయించండి. అనాథాశ్రమం నుంచి గోశాల దాకా పదిహేను ఉద్దేశాలు నింపిన డీడ్ చూస్తే సీఎస్ఆర్ అధికారికి మీరు ఏ పని చేస్తారో తేలదు.

తర్వాత వరుస ఇది:

- సంస్థ పేరున పాన్, బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకంతోనే డబ్బు తీసే ఏర్పాటు
- ఆదాయపు పన్ను శాఖ దగ్గర సంస్థ నమోదు, దాతలకు మినహాయింపు ఇచ్చే అనుమతి (అందరూ 12ఎ, 80జి అనేవే). కొత్త సంస్థకు మొదట 3 ఏళ్లకు తాత్కాలికంగా ఇస్తారు
- నీతి ఆయోగ్ ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల పోర్టల్) నమోదు. కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లకు ఇది కావాలి
- సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి కంపెనీల మంత్రిత్వ శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు
- వరుస నంబర్లున్న రసీదు పుస్తకం

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. పాత దరఖాస్తు నమూనా చూసి నింపకండి, ట్రస్టుల పని చేసే ఆడిటర్‌ను పట్టుకోండి.

## 3. ఎంత కావాలో లెక్క కట్టండి

"ఓ యాభై లక్షలు అవుతుందండీ" అనే మాట దాత ముందు అనకూడదు. కింద ఉన్నవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ కొటేషన్లు తెచ్చుకుని మార్చుకోండి.

కేంద్రానికి నెలవారీ ఖర్చు

- అద్దె: 50,000
- ఇద్దరు సిబ్బంది జీతాలు: 36,000
- కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్: 14,000
- కార్యక్రమాలు, కళాకారుల పారితోషికం, ప్రయాణం: 30,000
- బీమా, మరమ్మతు, ఆడిట్: 10,000
- చిల్లర: 10,000
- మొత్తం: 1,50,000

తెరవడానికి ఒక్కసారి అయ్యే ఖర్చు

- పది నెలల అద్దె అడ్వాన్స్: 5 లక్షలు
- అద్దాల బీరువాలు, లైటింగు, చెక్కపని, సౌండ్: 9 లక్షలు
- నమోదులు, బోర్డులు, వెబ్‌సైటు: 1 లక్ష
- అనుకోని ఖర్చు, పదిశాతం: 1.5 లక్షలు

ఇవి 16.5 లక్షలు. దీనికి తొమ్మిది నెలల నడిపే ఖర్చు 13.5 లక్షలు కలిపితే లక్ష్యం 30 లక్షలు. చాలామంది 16.5 దగ్గరే ఆగిపోతారు. తెరిచిన నాలుగో నెలలో అద్దెకు వెతుక్కునేది వాళ్లే.

విశాఖలో అదనంగా పడే ఖర్చులు కొన్నున్నాయి. సముద్రం గాలికి బుడితి ఇత్తడి నల్లబడుతుంది, పాత ఫొటోలకు బూజు పడుతుంది, నాసిరకం ఇనుప ర్యాకులకు ఏడాదిలోనే తుప్పు. బీచ్ రోడ్డు దగ్గర చోటు తీసుకుంటే తేమ లాగే యంత్రం, మూత బిగుతుగా పడే బీరువాలు బడ్జెట్‌లో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి అద్దాలను ఏం చేసిందో చూసినవాళ్లకు బీమా ఎందుకో చెప్పనక్కర్లేదు. పాలసీలో తుఫాను, వరద కూడా ఉన్నాయో లేదో చదివి మరీ కట్టండి.

అద్దె ఒప్పందం దగ్గర జాగ్రత్త. మన దగ్గర అలవాటుగా 11 నెలల అగ్రిమెంట్ రాస్తారు. దాతల డబ్బు 9 లక్షలు గోడలకు పెట్టి, పన్నెండో నెలలో "మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చేయండి" అంటే చేయగలిగింది ఏమీ ఉండదు. కనీసం 5 ఏళ్ల లీజు రిజిస్టర్ చేయించండి. స్టాంపు ఖర్చుకు వెనకాడకండి.

## 4. దుకాణం లెక్క ఒక్క వస్తువుతో మొదలుపెట్టండి

లక్కపిడతల సెట్టు ఒకటి ముందు పెట్టుకోండి. కళాకారుడికి 250 ఇచ్చి కొన్నారు, 400కు అమ్మారు అనుకుందాం. చేతిలో 150 మిగిలినట్టు కనిపిస్తుంది.

ధరలోనే కలిసి ఉన్న 5 శాతం జీఎస్టీ 19 రూపాయలు. ఏటికొప్పాక నుంచి రవాణా 10. పెట్టె, కాగితం 20. రంగు పెచ్చు లేచినవీ మూత విరిగినవీ సర్దుకోవడానికి 8. కార్డు చార్జీ 6. మిగిలేది 87.

దుకాణానికి అద్దె వాటా, ఒక మనిషి జీతం, కరెంటు కలిపి నెలకు 45,000 అనుకుంటే రోజుకు దాదాపు 17 సెట్లు అమ్మాలి, ఆదివారాలు కూడా కలుపుకుని. నెలకు 17 కాదు, రోజుకు. ఈ లెక్క వేసుకున్నాక చాలామంది దుకాణం సైజు సగానికి తగ్గిస్తారు. మంచిదే.

అందుకే సరుకు మూడు రకాలుగా ఉండాలి: చేతిలో పట్టుకుపోయే 100–300 రూపాయల బొమ్మలు, బొంగరాలు; బహుమతులకు పనికొచ్చే చిన్న బొబ్బిలి వీణలు, అరకు కాఫీ పొట్లాలు; ఆర్డరు మీద తెప్పించే పెద్ద వీణ, పొందూరు పంచె లాంటివి. పెద్దవి షాపులో ఒక్కొక్కటి చూపిస్తే చాలు, డబ్బు వాటిలో ఇరుక్కోకూడదు.

## 5. అద్దెకు దిగకముందే స్టాల్ పెట్టి చూడండి

రెండు మూడు వారాంతాలు ఒక స్టాల్ పెట్టండి. మధురవాడ శిల్పారామం, నగరంలో జరిగే ఎగ్జిబిషన్లు, ఎంవీపీ కాలనీ, మధురవాడ అపార్టుమెంట్ల పండగ మేళాలు సరిపోతాయి. దసరా సెలవుల నుంచి జనవరి దాకా బెంగాలీ, ఒడియా పర్యాటకులు నగరానికి బాగా వస్తారు. ఈ స్టాల్ పరీక్ష ఆ రోజుల్లో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చేస్తే అసలు బేరం ఎంతో తెలుస్తుంది.

రాసుకోవాల్సినవి:

- గంటకు ఎంతమంది ఆగారు, ఎంతమంది కొన్నారు
- ఏ ధర దగ్గర బేరం మొదలైంది
- కొన్నవాళ్లు స్థానికులా, పర్యాటకులా
- "ఇది ఎక్కడిది, ఎవరు చేశారు?" అని ఎంతమంది అడిగారు

ఈ చివరి అంకె కేంద్రానికి పనికొస్తుంది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని చెప్పి, ఆ దవడను చేతిలో పెట్టి చూపిస్తే జనం ఎంతసేపు నిలబడతారో గమనించండి. దాతకు ఇచ్చే ఫైలులో అందమైన మాటల కన్నా ఈ రెండు పేజీల స్టాల్ లెక్క ఎక్కువ పని చేస్తుంది. బ్యాంకులోనూ అంతే.

## 6. దాతల జాబితా, అడిగే తీరు

30 లక్షలను 30 వేల మందితో పంచుకుందాం అనుకోకండి. పై నుంచి కిందికి రండి:

- 5 లక్షలు × 1
- 2 లక్షలు × 3
- 1 లక్ష × 5
- 50 వేలు × 10
- 10 వేలు × 60
- 1,000 × 300

కూడితే 30 లక్షలు. ఒక్కో మెట్టుకు మూడు నాలుగు రెట్లు పేర్లు రాసుకోవాలి, ఎందుకంటే అడిగినవాళ్లలో చాలామంది "చూద్దాం" అంటారు. ఆ మాటకు అర్థం మనందరికీ తెలుసు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి? శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి విశాఖలో స్థిరపడ్డ డాక్టర్లు, బిల్డర్లు, వ్యాపారులు. స్టీల్ ప్లాంట్, పోర్టు, నేవీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రిటైరైనవారు. రోటరీ, లయన్స్ క్లబ్బులు, బీచ్ రోడ్డు వాకర్స్ సంఘాలు. సొంతూరి పేరు చెప్పగానే ముఖం మారేవాళ్లు మీ మొదటి పది మంది.

అడిగే పద్ధతి:

ముందు ఫోను, తర్వాత ఇంటికి. వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపితే వెయ్యి రూపాయలు వస్తాయి. లక్ష కావాలంటే ఎదురుగా కూర్చోవాలి. ఇద్దరు వెళ్లండి: దాతకు తెలిసినవారు ఒకరు, లెక్కలు చెప్పగలిగేవారు ఒకరు. జట్టులో ఐదుగురు వెళితే అది చందాల దండులా ఉంటుంది.

ఒక వస్తువు పట్టుకెళ్లండి. బ్రోచరు కాదు. బొంగరం ఒకటి టీపాయ్ మీద తిప్పండి.

అంకె చెప్పండి. "మీకు తోచింది ఇవ్వండి" అంటే తోచేది తక్కువే. ఇలా అడగండి: "మాస్టారూ, నెలకో ఆదివారం ధింసా, తప్పెటగుళ్ల బృందాలను పిలుస్తున్నాం. ఒక ఆదివారానికి పదివేలు అవుతుంది. ఆరు ఆదివారాలు మీ పేరున పెట్టమంటారా?" అడిగాక మౌనంగా ఉండండి. మధ్యలో మీరే "అంత కుదరకపోతే..." అని తగ్గించకండి.

పన్ను మినహాయింపు గురించి చివర చెప్పండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే 80జి లాభం. ఇప్పుడు ఉద్యోగుల్లో చాలామంది కొత్త విధానంలోకి వెళ్లారు. పన్ను మీదే బేరం కుదిర్చితే ఆ సంగతి తెలిసినరోజు దాత చిన్నబుచ్చుకుంటారు. నగదుగా ఇస్తే 2,000 దాటిన విరాళానికి మినహాయింపే లేదని కూడా ముందే చెప్పండి.

నెల మొదటి పది రోజుల్లో వెళ్లండి. జూన్‌లో ఎవరినీ అడగకండి, స్కూలు ఫీజుల నెల అది.

## 7. సీఎస్ఆర్: ఎప్పుడు, ఎలా

నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు పెట్టాలి. వారసత్వం, కళలు, సంప్రదాయ హస్తకళలు కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ఉన్నాయి. కాబట్టి "ఇది మా పరిధిలోకి రాదు" అంటే ఆ పేజీ తీసి చూపించవచ్చు.

చిక్కల్లా అనుభవం దగ్గరే. కంపెనీ సొంతంగా పెట్టుకున్నది కాని సంస్థకు ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల చరిత్ర ఉండాలి. కొత్త ట్రస్టుకు ఆ దారి మూసుకున్నట్టే. దీనికి మందు: సీఎస్ఆర్-1 ఉన్న పాత సంస్థతో ఒప్పందం చేసుకుని, దాని ద్వారా ఒక చిన్న పని చేయండి. ఉదాహరణకు 20 మంది అమ్మాయిలకు లక్కపని శిక్షణ. మూడేళ్ల ఫైలు అలా తయారవుతుంది.

పరవాడ, గాజువాక, పోర్టు ప్రాంతాల్లో పరిశ్రమలకు కొదవ లేదు. అయితే పేరు పెద్దదని వెళ్లకుండా గత మూడేళ్ల లాభనష్టాలు చూడండి. నష్టాల్లో ఉన్న కంపెనీకి ఇవ్వాల్సిన బాధ్యతే ఉండకపోవచ్చు. కంపెనీ వెబ్‌సైటులో సీఎస్ఆర్ నివేదిక ఉంటుంది, నిరుడు ఏ పనులకు ఎంత ఇచ్చారో అందులో రాసి ఉంటుంది. వచ్చే ఆర్థిక సంవత్సరానికి ప్రణాళిక వేసుకునేలోపే, అంటే అక్టోబరు, నవంబరుల్లోనే కలవండి.

ప్రతిపాదన నాలుగు పేజీలు చాలు: ఏం చేస్తాం, ఎవరికి లాభం, ఖర్చు, ఎలా కొలుస్తాం. దుకాణం సరుకుకు సీఎస్ఆర్ అడగకండి.

## 8. ప్రభుత్వ పథకాలు

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖకు కళా సంస్థల భవనాలకు, ఉత్సవాలకు, కార్యక్రమాలకు సాయం చేసే పథకాలున్నాయి. జౌళి శాఖలోని హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయం కళాకారులకు గుర్తింపు కార్డులు, మేళాల్లో స్టాళ్లు ఇస్తుంది. నాబార్డు (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) గ్రామీణ ఉత్పత్తుల అమ్మకం కేంద్రాలకు సాయపడుతుంది. దుకాణం కళాకారుల సంఘం పేరున ఉంటే ఇక్కడ దారి దొరుకుతుంది. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. అరకు, పాడేరు సరుకు కోసం వాళ్లతో మాట్లాడుకోవచ్చు.

గ్రాంటు డబ్బు ఆలస్యంగా వస్తుంది, విడతలుగా వస్తుంది, డబ్బు దేనికి వాడారో చూపే వినియోగ పత్రం ఇచ్చాకే రెండో విడత. దాన్ని నమ్ముకుని అద్దెకు మాట ఇవ్వకండి.

## 9. అమెరికా డబ్బు: ఒక్క ప్రశ్న మర్చిపోవద్దు

విశాఖలో ఇంటికొకరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. "మా బావమరిది వెయ్యి డాలర్లు పంపుతానన్నాడు" అనగానే ఖాతా నంబరు ఇచ్చేస్తారు. ముందు అడగాల్సింది: పాస్‌పోర్టు ఏది?

భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకుంటే నేరం. మొత్తం ఎంత చిన్నదైనా అంతే.

ఎఫ్‌సీఆర్‌ఏ నమోదుకు సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు అసలు పనుల మీద ఖర్చు చేసి ఉండాలి. డబ్బు రావాల్సిన ఖాతా కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోనే తెరవాలి. అందాకా భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసుల దగ్గరే తీసుకోండి, పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ రసీదుకు జతచేసి ఉంచండి. మిగతా బంధువులను దుకాణం నుంచి కొనమనండి. న్యాయమైన ధరకు సరుకు కొనడం విరాళం కాదు.

## 10. దుకాణానికి పెట్టుబడి

మొదటి సరుకు సొంత డబ్బుతో కొనండి. తర్వాత చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణం చూడండి: శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. స్టాల్ లెక్క, మూడు నెలల సరుకు బిల్లులు పట్టుకెళితే మాట సులువుగా సాగుతుంది. దసరా, దీపావళి, సంక్రాంతి బహుమతి పెట్టెలకు ఆఫీసుల నుంచి ముందస్తు ఆర్డర్లు తీసుకుంటే అప్పు ఇంకా తగ్గుతుంది. ఆ అడ్వాన్సు మీది కాదు, సరుకు చేరేదాకా కొనుగోలుదారుడిదే.

కళాకారుల దగ్గర "అమ్మాక ఇస్తాం" అని సరుకు ఎత్తుకు రాకండి. అది పెట్టుబడి భారం వాళ్ల నెత్తిన వేయడం. తప్పదంటే నెలాఖరుకు లెక్క తేల్చి, అమ్మకం కానివి మీ ఖర్చుతో వెనక్కి పంపండి.

తెలిసినవాళ్ల దగ్గర "ఏడాదికి 12 శాతం ఇస్తాం" అని డిపాజిట్లు సేకరించడం అసలే వద్దు. నియంత్రణ లేని డిపాజిట్లను నిషేధించే 2019 చట్టం ఉంది, జైలుకు పంపేంత గట్టిది. లక్కీ డ్రా కూపన్ల జోలికీ వెళ్లకండి.

## 11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ట్రస్టీ సొంత ఫోన్‌పేకు విరాళాలు రావడం. ఆ నంబరు వెంటనే తీసేయండి. వచ్చిన మొత్తాన్ని సంస్థ ఖాతాకు మార్చి, ఒక్కో దాత పేరున రసీదు ఇవ్వండి.

పేరు లేని హుండీ డబ్బు. దాత వివరాలు లేని విరాళాలు ఒక పరిమితి దాటితే 30 శాతం పన్ను. హుండీ పక్కన పుస్తకం, పెన్ను పెట్టండి. పేరు, చిరునామా రాయించండి.

నిధుల కోసం భారీ కార్యక్రమం. గురజాడ కళాక్షేత్రమో కళాభారతో అద్దెకు తీసుకుని పెద్ద గాయకులను పిలిస్తే హాలు నిండుతుంది, సంచి నిండదు. ఖర్చులకు స్పాన్సర్ ముందే ఒప్పుకుంటేనే పెట్టండి.

గోడమీద ఎవరి పేరు? లక్ష ఇచ్చినవారి పేరు పక్కన పదిలక్షలు ఇచ్చినవారి పేరు అదే సైజులో రాస్తే అలకలు మొదలవుతాయి. ఏ మొత్తానికి ఏ గుర్తింపో అడగకముందే కమిటీ తీర్మానం రాసుకోండి.

దాతల స్టేట్‌మెంట్ మర్చిపోవడం. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోపు దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపాలి, ఆలస్యమైతే రోజుకు 200 చొప్పున ఫీజు. పాన్ నంబర్లు రసీదు రాసేరోజే తీసుకోండి. మేలో ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తరు.

## 12. ప్రారంభ తేదీ ఖాయం చేసేముందు

ముహూర్తం ముందు పెట్టుకుని డబ్బు వెనక పరుగెత్తడం మనకు అలవాటు. మంత్రిగారి తేదీ దొరికిందని సగం పెయింటుతో తెరుస్తారు. కింది వాటికి అవును అని చెప్పగలిగాకే సిద్ధాంతిగారిని కలవండి:

- లీజు రిజిస్టర్ అయింది
- ఒక్కసారి ఖర్చు మొత్తం బ్యాంకులో ఉంది, హామీల్లో కాదు
- కనీసం ఆరు నెలల నడిపే ఖర్చు విడి ఖాతాలో ఉంది
- దుకాణం లైసెన్సు, జీఎస్టీ సంగతి తేలింది
- సరుకు ఇచ్చిన కళాకారులందరికీ చెల్లింపులు అయ్యాయి
- మొదటి మూడు నెలల కార్యక్రమాల తేదీలు, బృందాలు ఖాయం
- బీమా పాలసీ చేతికి వచ్చింది

ఆరు నెలల డబ్బు లేకపోతే తేదీ వెనక్కి జరపండి, స్టాల్ ఇంకో సీజను నడపండి. ఆలోపు దాతలకు నెలకోసారి ఒక పేజీ లెక్క పంపుతూ ఉండండి: ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత తక్కువుంది. ఆ మూడో అంకె చదివి, మొదట "చూద్దాం" అన్నవాళ్లలో కొందరు ఫోను చేస్తారు.